వేలికో మనిషి

ఫోను తెర మీద ఓట్ల లెక్క వచ్చినప్పుడు ఏం చూశావో చెప్పు. నూట నలభై మంది అంటావు. కాదు, నూట నలభై అనే అంకెను చూశావు. మనుషుల్ని చూశాననకు, నాకు కోపం వస్తుంది. ఈ తేడా తెలియడానికి తవిటేశుకి అరచేతుల తోలు ఊడింది.

తవిటేశు సముద్రం ఒడ్డున పుట్టినవాడే. పట్నంలో కంప్యూటర్ చదువు చదివి వచ్చి, చుట్టుపక్కల ఐదు మత్స్యకార పల్లెలకి కలిపి ఒక పుస్తకం తయారుచేశాడు. కాగితం పుస్తకం కాదు, బ్లాక్‌చెయిన్. దానికి ఆఫీసు లేదు, పెత్తందారు లేడు. ఒకే పుస్తకం అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఏ ఒక్కడూ దాన్ని చాటుగా దిద్దలేడు. ఐదూళ్ళ ఉమ్మడి తీర్మానాలు అందులోనే. మనిషికి ఒక ఓటు.

వచ్చే సోమవారం పెద్ద తీర్మానం ఉంది. మరబోట్లు ఒడ్డు దగ్గరికొచ్చి వలలు ఈడ్చవచ్చా, కూడదా? ఈడ్చవచ్చని తేలితే, ఒడ్డున నిలబడి తాడు లాగి బతికేవాళ్ళ వలలో ఇక నురగ తప్ప ఏమీ పడదు.

ముందుగా ఒక ఉత్తుత్తి ఓటింగు పెట్టి చూశాడు తవిటేశు. అక్కడే దెబ్బ తిన్నాడు. మరబోటు నర్సింగు పది పేర్లతో చేరాడు. ప్రతి పేరుకీ వేలిముద్ర వెయ్యాలని తవిటేశు నిబంధన పెడితే, నర్సింగు పది పేర్లకీ తన పది వేళ్ళూ వేశాడు. వేలికో మనిషి.

నలభై ఏళ్ళుగా తాడు లాగుతున్న పోలమ్మకి మాత్రం పది వేళ్ళలో ఒక్కటీ పడలేదు. గీతలన్నీ తాడు తినేసింది.

"ఆడు పదిమంది. నేను ఒక్కదాన్నైనా కానేటి నాయినా?" అని అడిగింది పోలమ్మ.

తవిటేశు ఆ మాట మోసుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. సన్యాసయ్య గురువు సాయంత్రాలు వలల పాకలో అచలం అనే తత్త్వం బోధిస్తాడు. తెల్లవారితే అందరితో పాటు తాడు పడతాడు.

"గురువుగారూ, పైన అధికారి లేని చోట, ఒక మనిషి ఒక్క మనిషే అని ఎలా తెలుసుకోవాలి?"

"రేపు తాడు పట్టు. నర్సింగుని కూడా రమ్మను."

గురువు మాటంటే నర్సింగుకీ భయమే. వచ్చాడు.

తెల్లారేసరికి వల నీళ్ళలో ఉంది. దాని రెండు తాళ్ళూ ఒడ్డుకి చేరాయి. ఒక్కో తాడుకి పదకొండు మంది. ఒక తాడుకి పోలమ్మా, గురువూ ముందు నిలబడ్డారు. అదే తాడుకి నర్సింగు, అతని వెనక తవిటేశు చివర్లో ఉన్నారు. తడి తాడు, ఉప్పు, ఇసుక. గంట గడిచేసరికి తవిటేశు చేతులు మండిపోతున్నాయి. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, అక్కడున్నవాళ్ళని పుస్తకంలోకి ఎక్కిద్దామని ఫోను తీశాడు. బొటనవేలు పెట్టాడు. ఫోను ఒప్పుకోలేదు. తుడుచుకుని పెట్టాడు. మళ్ళీ ఒప్పుకోలేదు.

"నువ్వు కూడా లేవేటి నాయినా?" అంది పోలమ్మ.

తవిటేశు సిగ్గుపడి ఫోను జేబులో పెట్టాడు. "పోనీ, పక్కవాళ్ళని సాక్ష్యం అడుగుదామంటే, వాళ్ళు అబద్ధం చెప్పొచ్చు కదా గురువుగారూ?"

గురువు నర్సింగు వైపు తిరిగాడు.

"ఏరా నర్సింగూ, మీ పదిమందీ వచ్చారా?"

"వచ్చారు గురువుగోరూ. చోటు ఇరుకని అందరూ నా చొక్కాలోనే నిలబడ్డారు."

తాడు పొడుగునా నవ్వులే. గురువు నవ్వలేదు.

"పుస్తకంలో పదిమంది ఉన్నారంటే ఉన్నట్టే. వాళ్ళు లాగుతారు, పుస్తకం రాసిన తవిటేశు తోడుంటాడు. మనం తొమ్మండుగురం దండగ. తప్పుకోండి."

"వల పోద్ది గురువుగోరూ!" పోలమ్మ అరిచింది.

"తప్పుకోమన్నాను."

తొమ్మిది జతల చేతులు వదిలాయి. అదే సమయానికి అల వెనక్కి గుంజింది. నర్సింగు బోర్లా పడ్డాడు. తాడు తవిటేశు అరచేతుల్ని కోసుకుంటూ జారింది. అయినా అతను వదల్లేదు. మోకాళ్ళ మీద ఈడ్చుకుపోతూ నీళ్ళ దాకా వెళ్ళాడు.

"పట్టుకోండి! ఇక్కడ ఎవరూ లేరు!"

ఆ మాట అతని నోటి నుంచి వచ్చేవరకూ ఆగాడు గురువు. తర్వాత అందరికంటే ముందు తనే తాడు మీద పడ్డాడు. అందరూ పడ్డారు. వల నిలిచింది.

తవిటేశు చేతులు నెత్తురోడుతున్నాయి. గురువు వాటిని ఉప్పునీళ్ళలో ముంచి కడిగాడు. అరిచినా వదల్లేదు.

"లేనివాణ్ణి ఉన్నాడన్నవాడి మీదే బరువు పడాలి," అన్నాడు. "నువ్వు దాన్ని పోలమ్మ మీద వేశావు."



సోమవారానికి పుస్తకంలో వేలిముద్ర లేదు. ఒక పేరు చేరాలంటే ఆ పల్లెవాళ్ళు ఇద్దరు చెయ్యెత్తాలి. ఆ పేరు వెనక మనిషి లేడని తేలితే, చెయ్యెత్తిన ఇద్దరి ఓట్లూ పోతాయి. అంతే.

పోలమ్మ పేరు చదవగానే పద్నాలుగు చేతులు లేచాయి. నర్సింగు పేరుకి రెండు లేచాయి. మిగిలిన తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే చదువుతుంటే, నర్సింగు తన బోటు కూలీల ముఖాలు చూశాడు. వాళ్ళు సముద్రం వైపు చూస్తున్నారు. నాలుగో పేరు దగ్గర తనే అన్నాడు, "మిగతావన్నీ కొట్టెయ్యరా."

మరబోట్లు ఒడ్డుకి రాకూడదని తేలింది. ఆరు ఓట్ల తేడా.

సరే, నీ సంగతి చెప్పు. నీ పేరు చదివితే, తమ ఓటు పణంగా పెట్టి చెయ్యెత్తేవాళ్ళు ఇద్దరున్నారా?