విప్పరాని ముడి

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన ముత్తాతలకు ముత్తాతలున్న కాలం. ముక్కేరు అనే ఏటి ఒడ్డున సిరివరం అనే ఊరు ఉండేది. ఊరు పల్లంలో ఉంది, ఏరు ఎత్తున ఉంది. రెంటికీ నడుమ ఒక మట్టికట్ట. కట్ట ఉంటేనే ఊరు. ఆ సంగతి సిరివరంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆ కట్టను కనిపెట్టుకుని ఉండేది అంకాలు. ఆమె తాత కట్ట కాపరి, తండ్రీ కట్ట కాపరే. కట్ట కింద నలభై గుడిసెల పేట ఉంది. అందులో ఒక గుడిసెలో ఆమె కూతురు గవరమ్మ చంటిబిడ్డతో కాపురం ఉంటోంది. అంకాలు రోజూ పొద్దున్నే కట్ట పొడవునా నడిచేది. ఎండ్రకాయ బొక్క కనిపిస్తే పూడ్చేది. ఊట కనిపిస్తే దోసిట పట్టి చూసేది. తేటనీరు ఊరితే భయం లేదు. బురదనీరు ఊరిందంటే కట్ట లోలోపలే కరిగిపోతున్నట్టు.

ఆ ఊరికి ఒక రాజు ఉన్నాడు. మంచివాడే గాని మెత్తనివాడు. పన్ను వేయాలన్నా తీయాలన్నా, జనం ఎన్నుకున్న ఐదుగురు పెద్దలూ ఒప్పుకోవాలి.

సిరివరంలో ఒక ఆచారం ఉండేది. నలుగురిలో మాట ఇచ్చినవాడు తన ఉత్తరీయం కొసన ముడి వేసుకోవాలి. మాట చెల్లించిన రోజున ఆ నలుగురి ఎదుటే విప్పాలి. "నీ ఇంటికప్పుకు తాటాకు ఇస్తాను" అని ముడి వేసినవాడు, తాటాకు దించి మరీ ముడి విప్పేవాడు. ఎంత చక్కని ఆచారం! దాన్ని భ్రష్టు పట్టించినవాడు మణిగుప్తుడు.

మణిగుప్తుడు ధాన్యం వర్తకుడు. ఊళ్ళో సగం మడులు అతనివే. ఇల్లూ గాదెలూ మాత్రం వరద అందని మెట్ట మీద కట్టుకున్నాడు. పెద్దల ఎన్నిక వచ్చినప్పుడు డప్పులవాణ్ణి వెంటబెట్టుకుని, నిలబడ్డ ప్రతివాడి గడపా తొక్కాడు.

"అయ్యా! ఎన్నటికీ, ఎందుకూ, గింజెడు పన్ను కూడా పెంచనని నాకు మాటిచ్చి ముడి వేయండి. వేశారా, మీ పేరు వీధివీధినా మోగిస్తాను. వేయలేదా, 'వీడు మీ కంచంలో చెయ్యి పెట్టేవాడు' అని మోగిస్తాను" అన్నాడు.

"ఎన్నాళ్ళకు? కరువొస్తే? వరదొస్తే?" అని ఒక్కడైనా అడగవద్దా! అడగలేదు. ఐదుగురూ పోటీలు పడి ముడులు వేశారు. దూరానికి కనబడాలి కదా, మూరెడు గుడ్డ మింగే ముడులు వేశారు. జనం మాత్రం తక్కువ తిన్నారా? చప్పట్లు కొట్టి వాళ్ళనే గెలిపించారు. పాత ముడులకు విప్పే రోజు ఉండేది, ఈ ముడికి అది లేదు. పైగా ఆ మాట ఊరికి ఇచ్చింది కాదు, మణిగుప్తుడికి ఇచ్చింది.

మొదటి ఏడు అంకాలు సభకు వచ్చింది. "దండాలయ్యా! కట్ట నడుమ ఊట పుట్టింది. ఇప్పటికి తేటగానే ఉంది. ఈ ఒక్క పంటకు మడికి సోలెడు వడ్లు ఎక్కువ ఇప్పించండి. రాయి తోలించి వేసంగిలో బాగుచేసుకుందాం" అంది.

పెద్దల్లో పెద్దవాడు భద్రయ్య గడ్డం నిమురుకున్నాడు. "నువ్వు చెప్పింది నిజమే అంకాలూ. కాని ముడి ఉంది కదమ్మా!" అన్నాడు. మిగతా నలుగురూ తమ తమ ముడులు తడుముకున్నారు. గుమ్మం దగ్గర మణిగుప్తుడి డప్పులవాడు కూర్చుని అన్నీ వింటున్నాడు.

రెండో ఏడు ఊట బురదగా మారింది. అంకాలు ఆ నీళ్ళు ముంతలో పట్టుకొచ్చి సభలో పెట్టింది. రాజు ముంతలోకి తొంగి చూశాడు.

"నేనొక దారి చెబుతాను" అన్నాడు రాజు. "నా ఏనుగుల మేత తగ్గిస్తాను. కోటలో విందులు మానేస్తాను. ఖర్చులో పది కుంచాలు నేను వదులుకుంటాను. ప్రతి పదికీ మీరు ఒక్క కుంచం పన్నుకు ఒప్పుకోండి."

అంకాలు గుండె గంతులేసింది. పదికి ఒకటి! పన్ను వద్దన్నవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? అది వాళ్ళు గెలిచిన బేరం. సంతకు కొత్తగా వచ్చిన పసివాడు కూడా వదులుకోని బేరం. భద్రయ్య కళ్ళల్లో వెలుగు కూడా వచ్చింది. కాని అందరికన్నా చిన్నవాడైన సోమరాజు గుమ్మం వైపు ఓరగా చూశాడు.

"పదికి ఒకటి కాదు, వందకు ఒకటైనా ముడి ముడే!" అన్నాడు.

తక్కినవాళ్ళు తల దించుకున్నారు. తెలియక చేస్తే పోనీలే అనుకోవచ్చు. వాళ్ళకు తెలుసు. కట్ట కరుగుతోందని తెలుసు, బేరం మంచిదని తెలుసు. కట్ట తెగితే పోయేది పేట, డప్పు మోగితే పోయేది తమ పీట. పీటే ముద్దనుకున్నారు, సిగ్గులేని పెద్దలు!

మూడో ఏడు కట్టలో చెయ్యి దూరేంత సందు పడింది. అంకాలు మళ్ళీ వచ్చింది. ఈసారి దండం పెట్టలేదు.

"మీ గింజలు మీరే ఉంచుకోండి. ఇంటికొక మనిషిని పంపండి. మూడు రోజులు చాలు. తట్టా పారా పట్టుకుంటే సందు పూడుస్తాం" అంది.

భద్రయ్య లేచి నిలబడ్డాడు. "ఇది పన్ను కాదు కదా! దీనికి..."

"కాదని ఎవరన్నారు?" గుమ్మంలోంచి మణిగుప్తుడే పలికాడు. "మనిషి చెమట కూడా సొత్తే. ఊరు అడిగి తీసుకుంటే అదీ పన్నే. ముడి గుర్తుందా పెద్దాయనా?"

భద్రయ్య కూర్చున్నాడు. అంకాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముడి గుడ్డకు వేసుకున్నారా, మీ మెడలకు వేసుకున్నారా?" అని అరిచింది. "నేనొకసారి దిగాను, రెండుసార్లు దిగాను, నేలదాకా దిగాను. మీరు ఒక్క మెట్టు దిగలేదు. ఏరు దిగొస్తుంది, చూసుకోండి!"

ఏ ఇంటి నుంచీ మనిషి రాలేదు. అంకాలు ఒక్కతే తట్ట పట్టి మట్టి మోసింది. ఒక మనిషి మోసే మట్టి ఎంత!

శ్రావణంలో ముక్కేరు పొంగింది. తెల్లవారేసరికి కట్టకు గండి పడింది. నలభై గుడిసెలూ చూస్తుండగానే నీళ్ళపాలయ్యాయి. పడవలు మోకులతో సహా కొట్టుకుపోయాయి. సభామండపం మెట్ల మీద ఐదుగురు పెద్దలూ నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. ఎదురుగా ఒక గుడిసె కప్పు తుమ్మచెట్టుకు తట్టుకుని ఊగుతోంది. దాని మీద గవరమ్మ ఉంది, చంటిబిడ్డను ఒంటికి కట్టుకుని.

"ఉత్తరీయాలు ఇవ్వండి!" అని అంకాలు ఐదుగురి భుజాల మీంచీ లాగేసింది. ఒకదానికొకటి కట్టి, కొసన రాయి చుట్టి విసిరింది. గవరమ్మ చెయ్యి చాచింది. బారెడు దూరంలో రాయి నీళ్ళలో పడింది.

"ముడులు విప్పండయ్యా! ముడికి మూరెడు గుడ్డ ఉంది, అందుతుంది!"

ఈసారి ఐదుగురూ ముడుల మీద పడ్డారు, సోమరాజు కూడా. గోళ్ళతో లాగారు, పళ్ళతో పీకారు. మూడేళ్ళు బిగిసిన ముడులు, పైగా తడిసిన ముడులు. ఒక్కటీ ఊడలేదు. భద్రయ్య వేళ్ళు నెత్తురోడాయి.

అంకాలు ఇక ఆగలేదు. ఒంటి మీది చీరను సగానికి చింపి, ఆ గుడ్డల తాడుకు కట్టి విసిరింది. ఈసారి గవరమ్మకు అందింది. తల్లీ బిడ్డా ఒడ్డు చేరిన మరుక్షణం తుమ్మచెట్టు కూలి కప్పు కొట్టుకుపోయింది.

పేటలో పదకొండుమందికి మాత్రం ఏ తాడూ అందలేదు.

అంకాలు ఆ తడిగుడ్డలను విడదీసి పెద్దల కాళ్ళ ముందు ఒక్కొక్కటే పడేసింది. "తీసుకోండయ్యా. మీ ముడులు భద్రంగా ఉన్నాయి" అంది. భద్రయ్య భోరున ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికి కావాలి?

గోటితో పోయేదానికి గొడ్డలి కావలసి వచ్చింది. సోలెడు వడ్లతో బాగయ్యే కట్టను కొత్తగా లేపడానికి మడికి మూడు కుంచాలు పడతాయని తేలింది. ఐదుగురినీ జనం దించేశారు. అయినా మణిగుప్తుడికి బుద్ధి రాలేదు. "వరద దేవుడి పని, పన్ను మనిషి పని" అంటూ మళ్ళీ వీధిలోకి వచ్చి, డప్పు వాయించమన్నాడు.

డప్పులవాడు కదల్లేదు. అతని గుడిసె కూడా పేటలోనే ఉండేది. పోయిన పదకొండుమందిలో అతని తమ్ముడు ఉన్నాడు.

"నా చేతులతో నేనే మోగించాను దొరా. ఇక మోగించను" అని డప్పును ఏట్లోకి విసిరేశాడు. డప్పు లేని మణిగుప్తుడి మాట పక్కింటికి కూడా వినబడలేదు.

జనం కొత్త పెద్దలను ఎన్నుకుని, అంకాలును వాళ్ళకు పెద్దను చేశారు. ఆమె కొత్త చీర కొంగున చిన్న ముడి వేసింది. "మడికి మూడు కుంచాలు, కట్ట లేచేదాకా. లేచిన రోజున ఆ పన్ను తీసేస్తాను. ఇది మీకిచ్చే మాట, మీ ఎదుటే విప్పుతాను" అంది. మూడో వేసంగికి కట్ట లేచింది. కట్ట మీదే నిలబడి, అందరూ చూస్తుండగా అంకాలు ముడి విప్పింది. వేలితో ముట్టుకోగానే ఊడిపోయింది.

ఆ ఊరిని ఇప్పుడు సిరివరం అనరు, గండివరం అంటారు. అక్కడ ఎవరైనా ముడి వేయబోతే, పక్కనున్నవాళ్ళు ముందుగా అడిగేది ఒక్కటే: "విప్పేదెప్పుడు?"

విప్పే రోజు లేని ముడి వేసినవాడు మాట నిలబెట్టుకున్నవాడు కాడు, ఊరి చేతులు కట్టేసినవాడు.