పక్కింటి లాంతరు

కాకినాడలో కార్మికుల కేసులు వాదించే శిష్ట్లా భాస్కరంగారికి అడిగిన ప్రశ్నకు ఆ పూటే జవాబు చెప్పే అలవాటు లేదు. జూనియర్లు అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకుంటారు. నిరంజన్ కొత్తవాడు, ఊరుకోలేదు.

మర్నాడు సింహాద్రి కేసు. రొయ్యల ఫ్యాక్టరీలో వ్యర్థాల తొట్టెలోకి దిగమంటే, విషవాయువు ఉంటుందని అతను దిగనన్నాడు. మాట వినలేదని పనిలోంచి తీసేశారు. ఆ ఉద్యోగం తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

"సమంజసమైన ఆజ్ఞను ధిక్కరిస్తేనే తప్పంటుంది మన చట్టం. ఏది సమంజసమో చెప్పదు. ప్రాణభయంతో పని ఆపినవాణ్ణి శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలో ఉంది. కానీ అది మన చట్టం కాదు పొమ్మంటాడు అవతలి వకీలు. పరాయిది మన కోర్టులో ఎందుకండీ?" అన్నాడు నిరంజన్.

గురువుగారు భాస్కరం విననట్టే తన ఇంటి పెరట్లోకి నడిచారు. ఏళ్ల తరబడి మూసి ఉన్న నూతిలో పూడిక తీయడానికి ఏసుబాబు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు.

"లాంతరు దింపి చూడందే దిగకు" అన్నారాయన. ఇంట్లో లాంతరు తుప్పుపట్టి ఉంది. పక్కింటి ఖాదర్‌గారిని అడిగి తెమ్మన్నారు.

నిరంజన్‌కు విసుగొచ్చింది. ఫోన్ లైటు వేసి నూతిలోకి చూశాడు. "అడుగుదాకా శుభ్రంగా కనిపిస్తోందండీ. వాళ్ల లాంతరు కోసం కూర్చోవడం ఎందుకు? నువ్వు దిగవయ్యా!"

కూలికొచ్చినవాడు కాదంటాడా? ఏసుబాబు ఒక కాలు గట్టు లోపల పెట్టేశాడు. గురువుగారు ఒక్క ఉదుటున తాడు పట్టుకుని అతన్ని ఇవతలికి లాగారు. "తెస్తావా, నన్ను వెళ్లమంటావా?" అని నిరంజన్ మీద అరిచారు. ఆయన అరవడం అంతకుముందు ఎవరూ ఎరగరు.

లాంతరు వచ్చింది. వెలిగించి, మెల్లగా దింపారు. నాలుగు వరలు దాటిందో లేదో మంట చిన్నబోయింది. చూస్తుండగానే, లోపల మంచి గాలి లేక ఆరిపోయింది.

"పిల్లలున్నోణ్ణండి బాబూ" అంటూ ఏసుబాబు నేల మీద కూలబడ్డాడు. నిరంజన్ వంగి అతని నడుముకున్న తాడు విప్పాడు. దిగమన్న మాట తనదే.

గురువుగారు ఆరిన లాంతరు పైకి లాగి నిరంజన్ చేతికిచ్చారు.

"రేపు ఆ ఒప్పందం పరాయిదని అవతలి వకీలు అంటే ఒప్పేసుకో. దీపం పక్కింటిదే. ఆరింది మాత్రం మన నూతిలో."