కాలం చేసిన మహారాజు

ఒకానొక రాజ్యంలో రాజు నిద్ర లేస్తేనే తెల్లవారినట్టు. ఆ రాజు పేరు ప్రచండవర్మ.

ఒకనాడు కొత్త కోటకు శంకుస్థాపన. చిల్లు గిన్నె నీళ్ళలో మునగడం చూసి గడియలు లెక్కగట్టే గణితజ్ఞుడు ఏకామ్రయ్య ముహూర్తం పెట్టాడు. రాజు మీసం దువ్వుకుంటూ తీరిగ్గా వచ్చాడు.

"ముహూర్తం దాటిపోయింది ప్రభూ," అన్నాడు ఏకామ్రయ్య.

"మేము రాకుండా ఎలా దాటుతుందయ్యా?"

ఆస్థాన వేదాంతి ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పను, అంత మర్యాదకు తగినవాడు కాడు. "కాలమనేది మనసులోది ప్రభూ. తమ మనసు ఎప్పుడంటే ముహూర్తం అప్పుడే," అని అందుకున్నాడు.

రాజు పొంగిపోయాడు. "విన్నావా ఏకామ్రయ్యా? ఈ రాజ్యంలో కాలం చేసింది మేమే. ఒప్పుకో. లేదా పొద్దుగూకేలోగా పొలిమేర దాటు."

"గిన్నె మునిగింది. మునగలేదని నేననలేను," అని ఏకామ్రయ్య మూట కట్టుకోవడానికి ఇంటికి నడిచాడు.

సభలో పెద్దిభట్టు ఉన్నాడు. చదువు అంతంతమాత్రం, అభిమానం కొండంత. 'అక్షరం ముక్క రానివాడు' అని రాజు ఓసారి నలుగురిలో అన్న మాట ఆయన మరిచిపోలేదు.

"ప్రభూ, ఇంత గొప్ప మాట దండోరా వేయించాలి. ఆ పని నాకివ్వండి."

"ఒక్క అక్షరం తేడా రాకూడదు సుమా."

"నాకు వచ్చినవే నాలుగక్షరాలు. మార్చడానికి వేరేవి లేవు."

కాసేపటికి వీధుల్లో డప్పు మోగింది. "మహారాజుగారు కాలం చేశారహో!"

అంగళ్ళు మూతపడ్డాయి. అంతఃపురంలో ఏడుపులు. గంధపు చెక్కల బండి వచ్చి కోట వాకిట్లో ఆగింది. రాజు మేడమీంచి చెయ్యి ఊపితే, కింద జనం దయ్యమనుకుని పరుగెత్తారు.

"ఏమయ్యా భట్టూ, బతికుండగానే నన్ను చంపావే?"

"తమరన్న మాటే చాటించాను ప్రభూ. గణితం కాలాన్ని కొలుస్తుంది. వేదాంతం కాలమంటే ఏమిటని అడుగుతుంది. ఏ శాస్త్రమూ కాలం చెయ్యదు. అది పాడె ఎక్కినవాళ్ళ పని."

రాజు మొహం ముడుచుకోబోయాడు. మీసం కింద పెదవి ఆగలేదు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వి, ఏకామ్రయ్యను వెనక్కి పిలిపించాడు.

"నీకేం కావాలో కోరుకో భట్టూ."

"ఆ వేదాంతిగారిని రేపట్నుంచి గిన్నె దగ్గర కూర్చోబెట్టండి. అది మునిగేదాకా కదలకూడదు. ఏకామ్రయ్యగారు పక్కనే ఉండి, తాను కొలుస్తున్నదేమిటో ఆయన్ని అడుగుతుండాలి. ఒకరిది ఒకరికి అబ్బుతుంది."

రాజు మళ్ళీ నవ్వి, తన భుజం మీది శాలువా తీశాడు. పెద్దిభట్టు తల వంచలేదు. రాజే మునివేళ్ళ మీద లేచి కప్పాడు.