ముందే వెళ్ళిపోయినవాడు

అచ్యుతాంబగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కాకినాడ జగన్నాథపురంలో ఒక అద్దె ఇంట్లో ఉంటూ, సాయంత్రాలు వచ్చినవాళ్ళకి ఉపనిషత్తులు చెప్పేవారు. ఎవరైనా ప్రశ్న వేస్తే కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకునేవారు. తరవాత ఎవరో ఒకరి సంగతి చెప్పేవారు. ఆవిడ వాదించగా ఎవరూ వినలేదు.

ఒక ఆదివారం హైమవతి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. కెనడాలో శాశ్వతంగా ఉండడానికి ఆమెకి అనుమతి వచ్చింది. ప్రయాణం ఇంకా నెల రోజులుంది.

“అమ్మా, అక్కడ దిగేనాటికి నన్ను నేను ఎలా తయారుచేసుకోవాలి? మనసు ఎప్పుడో అక్కడికి పోయింది. వార్డులో పేషెంట్లు పిలుస్తుంటే కూడా వినపడటం లేదు,” అంది.

అచ్యుతాంబగారు కళ్ళజోడు తుడుచుకుని ఈ సంగతి చెప్పారు.

దంగేటి వీరభద్రం అని ఒక లేత్ మిషన్ పనివాడు ఉండేవాడు. చేతిలో మంచి పని ఉంది. అతనికీ భార్య మంగతాయారుకీ ఆ దేశంలోనే స్థిరపడే అవకాశం వచ్చింది. కాగితాలు చేతికి రావడానికి ఏడాది పడుతుందన్నారు. ఆ ఏడాదీ వృథా చెయ్యకూడదనుకున్నాడు వీరభద్రం. గడియారం అక్కడి టైముకి మార్చేశాడు. తాము ఉండబోయే ఊళ్ళో వీధులన్నీ కంప్యూటర్లో చూసి కంఠతా పట్టాడు. ఇంట్లో తెలుగు మానేశాడు. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే, “నేనిక్కడ లేననుకోండి,” అనేవాడు.

కొన్నాళ్ళకి జనం నిజంగానే అలా అనుకోసాగారు. రోజూ తాగే టీ కొట్టు దగ్గర అందరికీ గ్లాసులు అందేవి, అతనికి తప్ప. మంగలి షాపులో కుర్చీలో కూర్చుంటే, బేరం లేదన్నట్టు మంగలి పేపరు తిరగేసుకునేవాడు. వీరభద్రం బాధపడలేదు. బంధాలు వాటంతటవే తెగుతున్నాయి, మంచిదేగా అనుకున్నాడు.

ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డులో ఇనప కడ్డీ చెక్కుతున్నాడు. మేస్త్రీ వచ్చి అతని పక్కనే నిలబడ్డాడు. తిరుగుతున్న మిషన్ కేసి చూసి, “ఎవడ్రా ఇది ఆపకుండా పోయింది?” అని విసుక్కుని, అతని చేతుల మధ్యలోంచి చెయ్యి పెట్టి స్విచ్చి కట్టేసి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి తగిలినట్టే అనిపించలేదు వీరభద్రానికి. వేడి రజను మాత్రం అతని మణికట్టు మీద పడి కాలింది. ఆ సంగతి భార్యకి చెప్పలేదు.

చివరికి ఆ దేశంలో దిగారు. తెల్లటి దీపాల కింద, అద్దం వెనక ఒక అధికారిణి కూర్చుని ఉంది. ఇద్దరి కాగితాలూ తీసుకుంది. మంగతాయారు కాగితం మీద ముద్ర వేసి, నవ్వుతూ అడిగింది. “మీ ఆయన ఎప్పుడు వస్తున్నారు?”

వీరభద్రం ఏడాదిగా వల్లించిన వాక్యం తడబడకుండా అప్పగించాడు. ఆవిడ ఇంకా మంగతాయారు ముఖంలోకే చూస్తోంది. మళ్ళీ చెప్పాడు. వెనక వరసలో ఉన్న కుటుంబం ముందుకు జరిగి అతనున్న చోటుకే వచ్చింది.

మంగతాయారు పక్కకి తిరిగింది. కొత్త కోటు కనిపించింది. కోటు మెడ పైన ఏమీ లేదు. అవతల గోడ, గోడ మీద గడియారం.

పద్నాలుగేళ్ళ కాపురంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవని మనిషి. గొంతు చించుకుని అరిచింది. “భద్రం! ఒరే భద్రం!”

“ఓసే, ఇక్కడే ఉన్నానే!” అన్నాడు వీరభద్రం. ఏడాది తరవాత భార్యతో అతనన్న మొదటి తెలుగు మాట అది.

అధికారిణి చేతిలో కలం జారిపోయింది.

“వాళ్ళక్కడే ఉంటున్నారు. ఇదంతా మంగతాయారే చెప్పింది నాకు,” అన్నారు అచ్యుతాంబగారు. “ఇప్పటికీ కొన్ని ఉదయాలు, మనిషి రాగానే తెరుచుకునే దుకాణం తలుపులు అతని ఎదట తెరుచుకోవట. అప్పుడు గుమ్మంలోనే నిలబడి ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాడట. ‘నేను,’ అంటాడట. అవతలివాళ్ళు ‘ఆఁ, చెప్పు,’ అనేదాకా ఆ తలుపు అలాగే ఉంటుందట.”

వీధిలో రిక్షా బెల్లు ఒకటి మోగి, దూరమైపోయింది.

“మరి నన్నేం చెయ్యమంటారమ్మా?” అంది హైమవతి.

అచ్యుతాంబగారు ఆమె ముఖంలోకి, కనబడుతోందో లేదో చూస్తున్నట్టు, వంగి చూశారు.

“విమానం నెల తరవాత కదూ?” అన్నారు. “ఈ నెల రోజులూ ఎక్కడుంటావు?”