డోలూ శంఖమూ ముట్టుకున్న పైడి

ఎప్పటి మాటో గాని వినండర్రా, ఏటిగట్టు చాటున బతికే ఒక ఊరుండేది. ఊళ్లో సగం కొండజాతి, సగం కడలిజాతి. ఆపదొస్తే కొండవాళ్లకు డోలు కొట్టాలి, కడలివాళ్లకు శంఖం ఊదాలి. ఒకరి మోత ఇంకొకరు చెవిన పెట్టరు. వాళ్ల పండగేదో వాళ్లదని తలుపులేసుకుంటారు. అదేం బుద్ధో మరి!

ఆ గట్టు కాపలాకు రాజుగారు పైడి అనే పడుచును పెట్టారు. తల్లి కొండజాతి, తండ్రి కడలిజాతి; పెళ్లయినా ఎవరి వాడలో వాళ్లే ఉండేవారు. నీటి రంగు చూసి వరద చెప్పగల పిల్ల.

పెద్దలకు అది కిట్టలేదు. మొదటిరోజు కొండపెద్ద కొలువులో లేచి, ఈమె రంగు మా రంగు కాదన్నాడు. రెండోరోజు కడలిపెద్ద లేచి, ఈమె ముక్కు మా ముక్కు కాదన్నాడు. పైడి ఇంటికెళ్లి తన ముఖం తానే తడుముకుంది.

మూడోరోజు పెద్దలిద్దరూ ఏకమై, ఆమెను నిండు కొలువులో నిలబెట్టారు.

"నువ్వు చస్తే నిన్ను మట్టిలో పెట్టాలా, సముద్రంలో కలపాలా? ఒక్కటే చెప్పు."

చస్తే కొండవాళ్లు మట్టిలో పెడతారు, కడలివాళ్లు సముద్రంలో కలుపుతారు. పైడి మట్టి అంటే తండ్రి కాకుండా పోతాడు. సముద్రమంటే తల్లి కాకుండా పోతుంది. రాజుగారికేమో జనం తిరగబడతారని భయం. గట్టు మీదున్న డోలు, శంఖాల్లో ముందు ఏది ముట్టుకుంటే అదే నీ జాతి, రెండోది ముట్టుకున్నావో చెయ్యి నరికిస్తానన్నారు. గట్టు మీద కత్తితో తలారిని కాపలా పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఏరు ఎర్రబడింది. గట్టు అడుగున ఎలుకబొరియంత చోట నీళ్లు బుసబుసా పొంగుతున్నాయి. డోలు కొడితే కడలివాడలో తండ్రి మునుగుతాడు. శంఖం ఊదితే కొండవాడలో తల్లి మునుగుతుంది. పక్కనే తలారి కత్తి.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కుడిచెయ్యి డోలు మీద పడింది, ఎడమచెయ్యి శంఖాన్ని అందుకుంది. రెండూ ఒక్కసారే. డోలూ మోగింది, శంఖమూ పలికింది.

ఏది ముందో తలారికి అంతుపట్టలేదు. ఇంతలో కాళ్ల కింద గట్టు కదిలేసరికి కత్తి పారేసి పరిగెత్తాడు. రెండు వాడల జనమూ పిల్లాజెల్లాతో దిబ్బ ఎక్కారు. వెనకాలే గట్టు తెగింది. ఇళ్లన్నీ పోయాయి గాని, ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆఖరున పైడి దిబ్బ ఎక్కి వచ్చింది. ఈమె మా పిల్లంటే మా పిల్లని తడిబట్టలతోనే పెద్దలిద్దరూ తగువుకు దిగారు.

"చస్తే నన్నెక్కడ పెట్టాలని నిన్న అడిగారు గదా! బతికున్నాను. ఎక్కడ కూర్చోమంటారు?" అంది పైడి.

ఇద్దరూ తలలు దించుకున్నారు. చెరోపక్కకు జరిగి మధ్యలో చోటిచ్చారు. రాజుగారికి మాత్రం ఎవరూ చోటివ్వలేదు, నిలబడే ఉండిపోయారు.

అందుకే పిల్లలూ, రెండు జాతులు కలిసిన మనిషిని అందులో ఒక సగం తెంచుకోమని ఎన్నడూ అడక్కూడదు. ఆ మనిషి నిండుగా ఉంటేనే ఊరు నిలుస్తుంది.