తర్కమండపం ముందు ఆగిన ఏనుగు

చిత్రభాను మహారాజు కుందవరం ఏలుతున్న రోజుల మాట ఇది. ఆయనకు భవనాలు కట్టించడమంటే ప్రాణం. కట్టిన భవనానికి మనుషులు ఎలా వస్తారు, వచ్చినవాళ్లు ఎక్కడ ఆగుతారు అన్న ఆలోచన మాత్రం ఆయన దరిదాపులకు వచ్చేది కాదు. రాజుగారు ఎటు కదిలినా దారి ముందే ఖాళీ అయ్యేది. ఇక ఆ బాధ ఆయనకెలా తెలుస్తుంది?

రాజధానిలో పెద్ద విద్యాపీఠం ఉంది. దాని ముందున్న మైదానంలో పండితుల పల్లకీలు, గుర్రాలు, బండ్లు ఆగేవి. ఆ ఏడు మహారాజు సరిగ్గా ఆ మైదానంలోనే తర్కమండపం కట్టించడం మొదలుపెట్టాడు. "మరి బండ్లెక్కడ ఆపాలి ప్రభూ?" అని శంకుస్థాపన నాడే అడిగినవాడు ఒక్కడే. అతని పేరు సింగప్ప. కోటలో ఏ వాహనం ఎక్కడ ఆగాలో చూడటం అతని ఉద్యోగం. కొలువులో అతనిది చిట్టచివరి వరుస. అంత వెనక నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పడం మర్యాద కాదన్నట్టు అందరూ నవ్వి ఊరుకున్నారు.

నూరు స్తంభాల మండపం లేచింది. వీధి మూసుకుపోయింది. జాగా కోసం పండితుల బోయీలు రోజూ కొట్టుకునేవారు. ఒకనాడు జబ్బుపడ్డ ముసలి ఆచార్యుణ్ణి మోసుకొచ్చిన డోలీ, దించే చోటు దొరక్క జాముసేపు ఎండలో నిలిచిపోయింది. ఆయన మళ్లీ పాఠం చెప్పడానికి రాలేదు. ఆ సంగతి సింగప్పను చాలా రోజులు తినేసింది.

చివరికి విద్యాపీఠానికి పెద్ద అయిన కులపతి వామదేవ భట్టు కొలువుకొచ్చి మొర పెట్టుకున్నాడు.

"మహారాజా! సరస్వతీపుత్రులం వీధిలో తగువులాడాల్సి వస్తోంది. మా వాహనాలకు జాగా ఇప్పించండి."

"ఇంతేనా!" అన్నాడు రాజు. "సింగప్పా, ఎవరెవరికి ఎన్ని వాహనాలకు జాగా కావాలో అడిగి రాసుకురా."

సింగప్ప తాటాకులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లాడు. రాజుగారు అవసరం అడగమన్నారు. పండితులు మాత్రం తమ బిరుదుకు ఎంత తగునో అంత చెప్పారు.

"నాకు రెండు," అన్నాడు జ్యోతిష పండితుడు. తర్వాత గొంతు తగ్గించి, "పక్కింటి వ్యాకరణం ఆయన ఎన్ని రాయించాడు?" అని అడిగాడు.

"మూడండీ."

"అయితే నాకు నాలుగు రాసుకో."

వామదేవ భట్టు ఏడు రాయించాడు. తనకొకటి, గ్రంథాలకొకటి, తాంబూలం పెట్టెకొకటి, శిష్యుడికొకటి, ఆ శిష్యుడి శిష్యుడికొకటి.

"అయిదే అయ్యాయండీ. మిగతా రెండూ?" అన్నాడు సింగప్ప.

"రేపు నాకు ఇంకో బిరుదు వస్తే అప్పుడు మళ్లీ నిన్ను పిలవాలా?" అన్నాడు కులపతి.

అన్నీ కలిపితే మూడు వందల పద్దెనిమిది తేలాయి. ఆ లెక్క చూసి రాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మండపం వెనక రంగులద్దేవాళ్ల వీధి ఉంది. నలభై ఇళ్లు. "పడగొట్టండి. ఆ జాగా సరిపోతుంది," అన్నాడు.

పడగొట్టాల్సిన ఇళ్లకు సున్నంతో గుర్తులు వేసే పని సింగప్ప మీదే పడింది. అతను తాడూ సున్నపు ముంతా పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. మొదటి ఇల్లు గౌరమ్మ అనే ముసలామెది. చూపు సరిగా ఆనదు. ఎవరో కొలతలు తీస్తున్నారని విని మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"కాలవ తవ్విత్తన్నారా నాయనా?"

సింగప్ప మజ్జిగ తాగలేకపోయాడు. ఉన్నమాట చెప్పేశాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. పెరట్లోకి తీసుకెళ్లి, భూమిలో మెడదాకా పాతిన నీలిమందు బానలు చూపించింది.

"మేమంటే యాడికైనా పోతాం. ఈ బాన మా అత్త కాలం నించి పులుస్తానే ఉంది. కదిలిత్తే సచ్చిపోద్ది. కొత్తది రంగు పట్టాలంటే ఏళ్లు కావాలి. నాకాడ అన్నేళ్లు లేవు నాయనా."

సింగప్ప ఆ ఇంటి గోడ మీద గుర్తు వేశాడు. వేయక తప్పలేదు. తన చేతిని చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. నోరున్నవాడని కొలువంతా అంటారు. ఆ నోరు ఈ వీధికి పనికిరాకపోతే ఇంకెందుకు అనుకున్నాడు.

మర్నాడు కొలువులో చివరి వరుస నుంచి లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న మనవి. తాటాకు మీద లెక్క వేరు, నేల మీద కొలత వేరు. రేపు జాగా చాలకపోతే ఇంకో వీధి పడగొట్టాలి. ప్రారంభోత్సవం నాడు పండితులందరూ తాము రాయించిన వాహనాలన్నీ తెచ్చి మండపం ముందు నిలిపితే, జానెడు తేడా లేకుండా కొలుస్తాను. పడగొట్టడం ఆ మర్నాడు పెట్టుకుందాం."

రాజుకు ఆ మాట నచ్చింది. కానీ వామదేవ భట్టు లేచాడు.

"తేవడానికి మాకు అభ్యంతరం లేదు. నేనే దగ్గరుండి నోటితో చెబితే తప్ప నా పల్లకీని ఎవడూ కదపకూడదు."

"నాదీ అంతే! నాదీ అంతే!" అన్నారు మిగతావాళ్లు.

"తమ చిత్తం. శాసనంగా రాయిద్దామా ప్రభూ?" అన్నాడు సింగప్ప వినయంగా.

"రాయించు," అన్నాడు రాజు. "దానికింద ఇంకోటి కూడా రాయించు. నేను లోపలికొచ్చి దీపం వెలిగించేదాకా సభలో కూర్చున్నవాడు ఎవడూ లేవకూడదు. పోయినసారి గ్రంథశాల ప్రారంభానికి నేను వచ్చేసరికి సగం మంది భోజనాలకు పోయారు."

రెండు శాసనాలకూ రాజముద్ర పడింది. సింగప్ప వాటిని కళ్లకద్దుకుని నడుముకు దోపుకున్నాడు. అనుకున్నది తప్పితే నలభై ఇళ్లు పోతాయి. తప్పకపోతే తన తల పోవచ్చు.

ప్రారంభోత్సవం నాడు తెల్లవారేసరికి రాయించిన వాహనాలన్నీ రావడం మొదలైంది. నిజానికి ఏ పండితుడికీ అన్ని వాహనాలు లేవు. మాట పోతుందని చుట్టుపక్కల ఊళ్ల నుంచి అరువు తెచ్చారు. తెలకలవాళ్ల బండికి పట్టుగుడ్డ కప్పినా గానుగ వాసన పోలేదు. కులపతి గారి ఏడో వాహనం ఒక పెళ్లి మేనా, దాని మీది పూలదండలు ఇంకా వాడలేదు. వచ్చినవన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకుని మండపం వాకిలి నుంచి వీధి మొదట ఉన్న తూర్పు గుమ్మం దాకా చీమ దూరే సందు లేకుండా బిగుసుకుపోయాయి. పండితులు మాత్రం లోపలికి వెళ్లి దర్జాగా కూర్చున్నారు.

ముహూర్తం దగ్గర పడుతుండగా రాజుగారి ఏనుగు తూర్పు గుమ్మం దగ్గరికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమిటిది? తీయించు!" అన్నాడు రాజు అంబారీ మీది నుంచి.

"చిత్తం. కానీ సొంతదారు దగ్గరుండి చెప్పకుండా బండిని కదపకూడదని శాసనం ఉంది ప్రభూ," అన్నాడు సింగప్ప.

"అయితే ఆ సొంతదార్లను పిలు."

"వాళ్లు సభలో ఉన్నారు. తమరు వచ్చి దీపం వెలిగించేదాకా లేవకూడదని రెండో శాసనం."

"నేను వెళ్తేగా వెలిగించేది!"

"బండ్లు కదిలితేగా తమరు వెళ్లేది ప్రభూ."

సింగప్ప నడుములోంచి తీసి పట్టుకున్న శాసనాల మీది ముద్రల వంక రాజు చూశాడు. రెండూ తనవే. ఒక శాసనాన్ని కొట్టేద్దామంటే, పదిమంది ఎదుట తన ముద్రను తానే కాలరాసుకున్నట్టవుతుంది. పక్కనున్న పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గొణుగుతున్నాడు.

"ఇంకో దారి లేదా?" అన్నాడు చివరికి.

"ఒకటుంది. రంగులద్దేవాళ్ల వీధి ఇక్కడి నుంచి సూటిగా మండపం వెనక వాకిలికి పోతుంది. నాలుగు వందల అడుగులు. కాకపోతే నడవాలి."

రాజు ఏనుగు దిగాడు. పరివారాన్ని అక్కడే ఉండమని, సింగప్ప ఒక్కణ్ణే వెంటబెట్టుకుని నడిచాడు. వీధిలో ప్రతి ఇంటి ముందూ మూటలు కట్టి ఉన్నాయి. ఆరేసిన గుడ్డలు లేవు. పొయ్యిలు చల్లారాయి. ఒక మూట మీద గౌరమ్మ కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది. ఎవరో ఆమెకు ఆనలేదు.

"ఎవరు నాయనా అది? బండి ఇరుక్కుపోయిందా?"

"అవునవ్వా," అన్నాడు రాజు. ఆ మాట ఆయన నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "ఈ మూటలేమిటి?"

"రేపు మా ఇళ్లు పడగొడతారంట. పండితులోరి గుర్రాలకి జాగా కావాలంట. ఆ గుమ్మం కాడినించి నాలుగొందల అడుగులు నడవలేవంట పాపం."

"గుర్రాలా?"

"గుర్రాలో, వాళ్లో. నీకు తెలుసా నాయనా, ఎవరు నడవలేరో?"

రాజు మిగతా దారంతా తల వంచుకునే నడిచాడు. సింగప్ప వెనకే నడిచాడు. ఆ ముసలామె అడిగినదానికి పైన తాను కలపగలిగిన మాట ఏదీ లేదని అతనికి తెలుసు.

వెనక వాకిలి నుంచి చెమటతో వచ్చిన రాజును చూసి సభ ఉలిక్కిపడింది. ఆయన దీపం వెలిగించాడు. కూర్చోకుండానే అడిగాడు.

"సింగప్పా, కొలిచావా? ఎంత జాగా కావాలి?"

"కొలిచాను ప్రభూ. బయట ఉన్నవి మూడు వందల పద్దెనిమిది. అందులో పండితుల సొంతవి అరవై రెండు. ఆ అరవై రెండిట్లో ముసలితనం వల్లో జబ్బు వల్లో నడవలేనివాళ్లవి ఏడు. ఆ ఏడింటికీ వెనక వాకిలి పక్కన ఉన్న జాగా చాలు. మిగతావాటికి తూర్పు గుమ్మం బయట కావలసినంత బీడు ఉంది."

వామదేవ భట్టు ముఖం ఎర్రబడింది. "గుమ్మం బయట దిగి నడిచి రావాలా? మా బిరుదులకు గౌరవం ఏం కాను?"

"గౌరవానికి లోటు రానివ్వకూడదు," అన్నాడు సింగప్ప. "అందుకే ప్రభువులు ఇంకో శాసనం రాయించాలి. రాజుగారు ఎక్కడ దిగితే అందరూ అక్కడే దిగాలి. నడవలేనివారు కాకుండా, అక్కడి నుంచి లోపలికి వాహనంలో వచ్చే హక్కు రాజుగారికంటే పెద్దవాళ్లకు మాత్రమే ఉంటుంది. అలాంటివారు ఎవరైనా ఉంటే ఇప్పుడే చేయెత్తవచ్చు."

ఒక్క చేయీ లేవలేదు.

"మరి ప్రభువులు ఎక్కడ దిగుతారో సెలవివ్వండి," అన్నాడు సింగప్ప.

సభ అంతా రాజు వంక చూసింది. రాజుకు అప్పుడు అంతా అర్థమైంది. బండ్లు తెప్పించడం, శాసనాలకు ముద్ర వేయించడం, ఆ వీధిలోంచి నడిపించడం, అన్నీ కలిపి చూస్తే వల కనిపించింది. ఆ వలలో ఇప్పుడు ఒక్క ముడే మిగిలింది, అది తన చేతిలోనే ఉంది.

"నన్ను ఉచ్చులోకి దింపావు," అన్నాడు.

"దింపాను ప్రభూ. చెబితే వినరని దింపాను. తమరి ఆజ్ఞ మీద నలభై గోడలకు సున్నం పూసిన చెయ్యి ఇది. శిక్ష వేస్తే వేయండి. ఆ ఇళ్ల జోలికి మాత్రం పోకండి."

రాజు ఆ చేతి వంక చూశాడు.

"తూర్పు గుమ్మం బయట దిగుతాను," అన్నాడు రాజు. "ఇవాళ్టి నుంచే. ఆ వీధిలో ఒక్క ఇటుక కదలడానికి వీల్లేదు. ఎవరైనా వెళ్లి ఆ అవ్వకు మూట విప్పుకోమని చెప్పండి. చెప్పింది నేనని చెప్పకండి, ఆమె ముందు నాకు సిగ్గుగా ఉంది."

సింగప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"ఇక నీ సంగతి. రాజును నడిపించినవాడికి చిన్న బహుమానం తగదు. మంచి పల్లకీ, మోయడానికి ఆరుగురు బోయీలు. ఇవాళే తీసుకో," అన్నాడు రాజు.

సింగప్ప చేతులు జోడించి, ఒకసారి వాకిలి వైపు చూసి అన్నాడు.

"మహాప్రసాదం ప్రభూ. మరి దాన్ని ఎక్కడ పెట్టుకోమంటారు?"

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆసనంలో కూలబడ్డాడు. పల్లకీ మానేసి మంచి చెప్పులజోడు కుట్టించి ఇమ్మన్నాడు. కొలువులో సింగప్ప చోటును మొదటి వరుసకు మార్చమన్నాడు.

ఆ సాయంత్రం మహారాజు కోటకు కూడా నడిచే వెళ్లాడు. దీపం వెలిగింది కనక పండితులు లేచి బయటికి వచ్చారు గానీ, ముందు ఎవరి బండి తీయాలన్నది ఎంతకీ తేలలేదు. తర్కమండపంలో జరిగిన మొట్టమొదటి వాదం అదే.