పదో గింజ

అనగనగా ఒక అడవి. అడవి అంటే పచ్చగా ఉంటుందనుకునేరు, పిల్లలూ! అది కరువు అడవి. రెండేళ్ళు పండితే మూడో ఏడు ఎండిపోయేది.

అందుకని ముసలి తాబేలు తాత ఒక కట్టుబాటు పెట్టాడు. పది గింజలు దొరికితే ఒకటి మద్దిచెట్టు తొర్రలో వేయాలి. కరువొస్తే ఆకలిగొన్నవాళ్ళు అందులోంచి తీసుకోవాలి. వేసేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకోవాలి. "ఎవరెంత వేశారో చూస్తే, తక్కువ వేసినవాడు సిగ్గుపడతాడురా" అనేవాడు తాత. మంచి మాటే.

తాత పోయాక ఆ తొర్రకు పందికొక్కు కాపలా కూర్చుంది. గింజలకు పందికొక్కు కాపలా! బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా? కానీ అది రోజూ ఏట్లో మునిగి వచ్చి, మెత్తగా మాట్లాడేది. అందరూ నమ్మేశారు.

ఒకరోజు గోరింక అడిగింది. "ఒక్కసారి కళ్ళు తెరిచి, లోపల ఎన్ని ఉన్నాయో చూద్దామా?"

"అపచారం!" అంది పందికొక్కు.

"ఇచ్చింది చూసుకుంటే పుణ్యం పోతుంది" అంది కుందేలు.

అందరికంటే గట్టిగా ఉడత అరిచింది. "పిసినారి మొహమా! ఒక్క గింజకు ఇంత ఏడుపా? ఫో ఇక్కణ్ణించి!"

గోరింక ఏడుస్తూ అడవి దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ ఏడు వాన పడలేదు. ఉడత బిడ్డ ఆకలికి సొమ్మసిల్లింది. తల్లి దాన్ని వీపున వేసుకుని తొర్ర దగ్గరికి పరుగెత్తింది.

"పందికొక్కు బాబాయ్, నాలుగు గింజలు పెట్టు. బిడ్డ దక్కేలా లేదు."

"ముందు నీ పదో గింజ వెయ్యి తల్లీ."

"పది ఎక్కడివి బాబాయ్? ఉన్నది ఒక్కటే. దీని నోట్లో పెడదామని దాచాను."

"అదే వెయ్యి. వేసినవాళ్ళకే తొర్ర ఇస్తుంది."

ఉడత బిడ్డను కింద పడుకోబెట్టింది. కళ్ళు మూసుకుని ఆ ఒక్క గింజా వేసేసింది. లోపల ఎవరో కటకటా కొరికిన చప్పుడైంది.

ఉడత గబుక్కున కళ్ళు తెరిచింది. తొర్ర ఖాళీ! అడుగున పెద్ద కన్నం. అందులో పందికొక్కు పిల్లలు బలిసి దొర్లుతున్నాయి.

"అయ్యో, దొంగా!" అని ఉడత గుండెలు బాదుకుంది. వెనక్కి తిరిగి బిడ్డను ఎత్తుకుంది. అప్పటికే ప్రాణం పోయింది.

అంతలో కుందేలు తన గింజ పట్టుకుని వచ్చింది. "వేయకు వదినా! లోపల ఏమీ లేదు, ఒక్కసారి చూడు!" అని ఉడత కుందేలు కాళ్ళు పట్టుకుంది.

"నీ బిడ్డ పోయిందని మా పుణ్యం చెడగొట్టకు" అంది కుందేలు. కళ్ళు గట్టిగా మూసుకుని గింజ వేసి వెళ్ళిపోయింది.

నీతి: పదో పాలు ఇస్తే సరిపోదు, అది ఆకలిగొన్నవాడికి చేరుతోందో లేదో అడగాలి. అడిగినవాళ్ళను తరిమేసే చోట దానమంతా దొంగల పాలే.